డై ఎక్కాక ఎన్నో సెకనులో తీశారు? లివర్ క్యాన్సర్‌కి ఏ సీటీ ఏం చూపిస్తుంది

కాకినాడలోనో భీమవరంలోనో ఆసుపత్రులుండే వీధిలో నడిస్తే స్కాన్ సెంటర్ల బోర్డుల మీద అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఒక అంకె. 16 స్లైస్, 32 స్లైస్, 128 స్లైస్. అంటే మిషను ఒక్క చుట్టుకి తీయగల అడ్డకోత బొమ్మల లెక్క. పేషెంటు వెంట వచ్చినవాళ్లు కూడా ముందు అదే అడుగుతారు, "మీది ఎన్ని స్లైసుల మిషనండీ?" అని. లివర్‌లో గడ్డ ఉందని అల్ట్రాసౌండ్‌లో బయటపడి, అది క్యాన్సరో కాదో తేల్చుకోవడానికి వచ్చినవాళ్లకి ఆ అంకె వల్ల ఒరిగేది చాలా తక్కువ. వాళ్లు అడగాల్సినవి రెండున్నాయి: డై (బొమ్మలో రక్తాన్ని తెల్లగా చూపించే మందు) ఎక్కించాక ఎన్నిసార్లు తీస్తారు? ఏ ఏ సమయాల్లో తీస్తారు? ఎంత ఖరీదైన మిషనైనా తప్పు సమయంలో తీస్తే గడ్డ లివర్‌లో కలిసిపోయి కనిపించకుండా పోవచ్చు.

ఈ సమయం గొడవ ఎందుకో తెలియాలంటే లివర్‌కి రక్తం ఎలా అందుతుందో చూడాలి. గుండె నుంచి వచ్చే ధమని ఒక్కటే కాకుండా, పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర కూడా లివర్‌కి రక్తం తెస్తుంది. నిజానికి పెద్ద వాటా దానిదే. లివర్‌లోకి వచ్చే రక్తంలో దాదాపు 75 శాతం పోర్టల్ సిరదైతే, హెపాటిక్ ధమనిది 25 శాతం. మన డెల్టా భాషలో చెప్పుకోవాలంటే, ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీళ్లూ, గట్టు మీద బోరు నీళ్లూ రెండూ పారే చేను లాంటిదన్నమాట. పైరంతా ముఖ్యంగా కాలవ మీదే బతుకుతుంది. చేలో ఒక మూల మొలిచిన కలుపు మాత్రం కాలవ వదిలేసి బోరు నీళ్లనే లాక్కుంటుందనుకోండి. రెండు నీళ్లలోనూ రంగు కలిపితే, దగ్గరున్న బోరు నీళ్లు ముందొస్తాయి కాబట్టి కలుపున్న మూల ముందు రంగెక్కుతుంది. కాలవ నీళ్లు వచ్చి చేనంతా రంగెక్కే సరికి ఆ మూల వెలిసిపోతుంది.

లివర్‌లోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చే హెపాటోసెల్యులార్ కార్సినోమా, డాక్టర్లు పొట్టిగా హెచ్‌సీసీ అనేది, సరిగ్గా ఇదే పని చేస్తుంది. కణితి పెరిగేకొద్దీ పోర్టల్ సిర కొమ్మలు దాని దగ్గర తగ్గిపోతాయి, కొత్త ధమనులు పుట్టుకొస్తాయి. అందుకే చేతి నరానికి అయోడిన్ ఉన్న డై ఎక్కించినప్పుడు సుమారు 35 నుంచి 40 సెకన్ల దగ్గర కణితి తెల్లగా మెరుస్తుంది, చుట్టూ ఉన్న లివర్ ఇంకా బూడిద రంగులోనే ఉంటుంది. దీన్ని లేట్ ఆర్టీరియల్ ఫేజ్ అంటారు. 70 సెకన్లు దాటే సరికి పోర్టల్ సిర ద్వారా డై వచ్చి లివర్ మొత్తం తెల్లబడుతుంది. ఇది పోర్టల్ వీనస్ ఫేజ్. అప్పటికి కణితిలో డై జారిపోవడం మొదలవుతుంది. 3 నుంచి 5 నిమిషాలకి తీసే డిలేడ్ ఫేజ్‌లో కణితి లివర్ కంటే నల్లగా కనిపిస్తుంది, ఒక్కోసారి చుట్టూ సన్నటి తెల్ల అంచు కూడా ఉంటుంది. ముందు మెరిసి తర్వాత ఇలా నల్లబడటాన్నే రిపోర్టుల్లో వాషౌట్ అని రాస్తారు.

సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్న మనిషిలో ఒక సెంటీమీటరు, అంతకన్నా పెద్ద గడ్డ ఇలా మెరిసి, వాషౌట్ కూడా చూపిస్తే హెచ్‌సీసీ అని బయాప్సీ లేకుండానే తేల్చేస్తారు. సూది పెట్టి ముక్క తీయకుండా, బొమ్మ చూసి ఖాయం చేసే క్యాన్సర్లు వైద్యంలో చాలా అరుదు. ఇంత బరువు సీటీ మీద పెట్టినప్పుడు, ఆ సీటీ ఎలా తీశారన్నది చిన్న విషయం కాదు.

స్కాన్ గదిలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. వార్డు నుంచి వచ్చే పేషెంటుకి చేతి వెనక నీలిరంగు క్యాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) ఉంటుంది, అది సెలైన్ కోసం పెట్టింది. టెక్నీషియన్ దాన్ని చూసి, మోచేతి మడత దగ్గర ఇంకొకటి పెడతానంటాడు, పింక్‌ది గానీ ఆకుపచ్చది గానీ. "ఉన్నదుంది కదండీ, మళ్లీ ఎందుకు పొడవడం?" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. కారణం ఉంది. మనిషి బరువుని బట్టి దాదాపు 100 మిల్లీలీటర్ల డై సెకనుకి 3 నుంచి 5 మిల్లీలీటర్ల చొప్పున పోవాలి. సన్నటి నీలి క్యాన్యులా అంత వేగాన్ని తట్టుకోదు. నెమ్మదిగా ఎక్కిస్తే డై రక్తంలో పలచబడిపోతుంది, 35వ సెకనులో మెరవాల్సింది మెరవదు. ఆ రెండో పోటుని వద్దనకండి.

డై లోపలికి వెళ్తుంటే ఒళ్లంతా వేడి పాకినట్టు, మూత్రం అయిపోయినట్టు అనిపిస్తుంది, నోట్లో ఇనుము రుచి వస్తుంది. ముందే చెబితే టెన్షన్ ఉండదు. చెప్పకపోతే పేషెంటు కంగారుపడి కదులుతాడు, బొమ్మ చెదురుతుంది. అవతలి గదిలో టెక్నీషియన్ తెర మీద గుండె నుంచి దిగే పెద్ద ధమని, అయోర్టా, గుండ్రంగా కనిపిస్తుంటుంది. దాని మధ్యలో ఒక చిన్న వృత్తం గీసి పెట్టుకుంటాడు. కొద్ది క్షణాలకోసారి అదే చోట బొమ్మ పడుతుంటే డై చేరేకొద్దీ వృత్తంలో తెలుపు ఎంతో చెప్పే అంకె పెరుగుతూ పోతుంది. 40, 60, 90, 120. ముందే పెట్టుకున్న గీతకి, మామూలుగా 100కో 150కో చేరగానే మిషను ఇంకో పదిహేను ఇరవై సెకన్లు ఆగి ఆర్టీరియల్ ఫేజ్ తీస్తుంది. "గాలి పీల్చి బిగబట్టండి" అని మైకులో వినిపించేది అప్పుడే.

దీన్ని బోలస్ ట్రాకింగ్ అంటారు. ఇది లేకుండా గడియారం చూసి 35వ సెకనుకి తీసేస్తే, గుండె బలంగా ఉన్నవాళ్లలో సరిపోవచ్చు. గుండె బలహీనంగా ఉన్న పెద్దవాళ్లలో డై అప్పటికి లివర్ దాకా చేరదు. బొమ్మ శుభ్రంగానే వస్తుంది, గడ్డ మాత్రం అందులో పడదు. సమయం కుదిరిందా లేదా అని రేడియాలజిస్టు చూసుకునే గుర్తు ఒకటుంది. ఆర్టీరియల్ ఫేజ్‌లో పోర్టల్ సిర కొద్దిగా తెల్లబడి, లివర్ నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే హెపాటిక్ సిరలు ఇంకా నల్లగానే ఉండాలి. పోర్టల్ సిర అసలు తెల్లబడకపోతే తొందరపడ్డారని, హెపాటిక్ సిరలు కూడా తెల్లబడితే ఆలస్యమైందని అర్థం.

ఇక రకరకాల సీటీల సంగతి. డై లేకుండా తీసే ప్లెయిన్ సీటీని క్యాన్సర్ వెతకడానికి వాడటం దండగ. సాంద్రత కొలిచే హౌన్స్‌ఫీల్డ్ లెక్కలో నీళ్లు 0 అయితే, మామూలు లివర్ 55 నుంచి 65 మధ్య ఉంటుంది. కణితి కూడా అటూ ఇటుగా అక్కడే ఉండటంతో రెండూ కలిసిపోతాయి. ఫ్యాటీ లివర్ అయితే ఇంకో చిక్కు: కొవ్వు పట్టి లివరే నల్లబడిపోతుంది, నల్లగా కనిపించాల్సిన గడ్డ అందులో దాక్కుంటుంది. షుగరూ ఫ్యాటీ లివరూ ఇంటింటా వినిపిస్తున్న రోజుల్లో ఇది అరుదైన ఇబ్బందేమీ కాదు. ప్లెయిన్ సీటీకి పనికొచ్చే చోటు ఒకటుంది. ఇదివరకే కణితికి వైద్యం జరిగి ఉంటే, తెల్లగా కనిపించేది పాత మందా, కొత్తగా ఎక్కిన డైనా అని తేడా తెలియడానికి డైకి ముందొకసారి తీయాలి.

చీటీ మీద "సీఈసీటీ అబ్డామిన్" అని రాసి ఉంటే చాలా చోట్ల డై ఎక్కించి 70 సెకన్ల దగ్గర ఒక్కసారే తీస్తారు. కడుపునొప్పికీ, అపెండిక్స్‌కీ అది చాలు. పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కి పాకిందా అని చూడటానికి కూడా అదే మంచిది, ఎందుకంటే ఆ గడ్డలకి రక్తం తక్కువ. తెల్లబడిన లివర్‌లో అవి నల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. జ్వరంతో, కుడి డొక్కలో నొప్పితో వచ్చే అమీబా చీముగడ్డకీ అదే సరిపోతుంది. కానీ హెచ్‌సీసీ కోసం వచ్చిన మనిషికి ఈ ఒక్క ఫేజే తీస్తే, కణితి ఆర్టీరియల్‌లో మెరిసి 70వ సెకనుకి లివర్ రంగులోనే కలిసిపోయి ఉండవచ్చు. "లివర్ నార్మల్" అని రిపోర్టు చేతికొస్తుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఈ వ్యాసమంతటికీ అసలు కారణం ఈ ఒక్క తేడానే. చీటీ మీద "ట్రైఫేజిక్ లివర్" (ఆర్టీరియల్, పోర్టల్ వీనస్, డిలేడ్ మూడూ తీయడం) అనో, "మల్టీఫేజ్" అనో ఉందా అని కౌంటరు దగ్గరే చూసుకోండి. లేకపోతే రాసిన డాక్టర్ని ఒక మాట అడగడంలో తప్పు లేదు.

మూడు ఫేజులూ ఉంటే క్యాన్సర్‌ని పట్టడమే కాకుండా, కానిదాన్ని కాదనడం కూడా తేలికవుతుంది. లివర్‌లో తరచుగా కనిపించే మామూలు గడ్డ హీమాంజియోమా, అంటే రక్తనాళాల ముద్ద. దానికి డై అంచుల నుంచి చుక్కలు చుక్కలుగా మొదలై నెమ్మదిగా లోపలికి నిండుతుంది, డిలేడ్‌లోనూ తెల్లగానే నిలుస్తుంది. పిత్తనాళాల్లో పుట్టే క్యాన్సర్ అంచు మాత్రమే మెరిసి, మధ్యభాగం ఆలస్యంగా నిండుతుంది. ఒక్క ఫేజ్‌లో తీసిన బొమ్మలో ఈ మూడిటినీ విడదీయడం కష్టం. అప్పుడు "కోరిలేట్ విత్ ట్రైఫేజిక్ సీటీ" అని రిపోర్టు కింద రాస్తారు. అంటే మళ్లీ డబ్బు, మళ్లీ డై.

మరి స్లైసుల సంగతేంటి? వేగానికి పనికొస్తాయి. ఆర్టీరియల్ సమయం కొద్ది సెకన్లే కాబట్టి లివర్ మొత్తాన్ని ఆలోగా చుట్టేయాలి, ఎక్స్‌రేలని అందుకునే డిటెక్టర్లు ఒకే వరుసలో ఉన్న పాతకాలం మిషన్లు అంత త్వరగా చుట్టలేకపోయేవి. ఇప్పుడు లివర్ స్కాన్ల రిపోర్టింగ్‌కి చాలా దేశాల్లో వాడే పద్ధతి లై-రాడ్స్. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ దాన్ని 2011లో తెచ్చింది. అది సీటీకి అడిగే కనీస డిటెక్టర్ వరుసలు 8. అవును, ఎనిమిదే. అది పట్టుబట్టేది ఆర్టీరియల్, పోర్టల్ వీనస్, డిలేడ్ మూడూ ఉండాలని. కాబట్టి అమలాపురంలో 16 స్లైస్ మిషను మీద పద్ధతిగా తీసిన ట్రైఫేజిక్ ఉంటే, 128 స్లైస్ కోసం వంద కిలోమీటర్లు వెళ్లి సీఈసీటీ తీయించుకోవాల్సిన పనిలేదని నా ఉద్దేశం.

లై-రాడ్స్ రిపోర్టులో ఎల్ఆర్-1 నుంచి ఎల్ఆర్-5 దాకా అంకెలుంటాయి. 1 అంటే ఖాయంగా మామూలు గడ్డ, 5 అంటే ఖాయంగా హెచ్‌సీసీ. ఎల్ఆర్-5 అన్నవాటిలో పదింటికి తొమ్మిదికి పైగా నిజంగానే హెచ్‌సీసీ అవుతున్నాయి. ఎల్ఆర్-3 మాత్రం మధ్యలో నలిగే అంకె. దాదాపు మూడింట ఒకటి క్యాన్సర్ అయ్యే అవకాశం ఉన్నదన్నమాట. వెంటనే ఆపరేషన్ అనరు, వదిలేయమనీ అనరు, కొన్ని నెలలకి మళ్లీ తీయమంటారు. ఎల్ఆర్-ఎం అంటే క్యాన్సరేలా ఉంది కానీ హెచ్‌సీసీ లక్షణాలు లేవని, దానికి సాధారణంగా బయాప్సీ తప్పదు. ఇంకో షరతుంది. ఈ అంకెలు సిర్రోసిస్ ఉన్నవాళ్లకి, దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి, ఇదివరకే హెచ్‌సీసీ ఉన్నవాళ్లకి మాత్రమే. ఆరోగ్యమైన లివర్ ఉన్న పాతికేళ్ల అమ్మాయిలో అచ్చం అలాగే మెరిసే గడ్డ కనిపిస్తే అది ప్రమాదం లేని గడ్డ కావచ్చు. మనకి తెలిసినాయన రిపోర్టుతో పోల్చుకుని హడలిపోకూడదు.

ఇంత పద్ధతిగా తీసినా సీటీ అన్నిటినీ పట్టదు. దీర్ఘకాలిక లివర్ జబ్బు ఉన్నవాళ్లలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2021లో కొక్రేన్ సమీక్ష తేల్చింది ఇది: హెచ్‌సీసీ ఉన్న వందమందిలో సీటీ దాదాపు 77 మందిలో పట్టుకుంటుంది, లేని వందమందిలో 91 మందికి లేదని సరిగ్గా చెబుతుంది. ఆ మరుసటేడు ఎమ్మారై మీద వచ్చిన సమీక్షలో ఆ అంకెలు 84, 94 దగ్గర ఉన్నాయి. సీటీ వదిలేసేవాటిలో ఎక్కువ చిన్నవి, ముఖ్యంగా సెంటీమీటరు లోపువి. అలాంటి వాటికి ధమనులు ఇంకా పూర్తిగా ఏర్పడవు, కాబట్టి మెరుపూ ఉండదు. ఎమ్మారైలో లివర్ కణాలే పీల్చుకునే ప్రత్యేకమైన మందుంది. 20 నిమిషాల తర్వాత తీస్తే మంచి లివర్ అంతా తెల్లగా, కణితి ఉన్నచోటు నల్లగా కనిపిస్తుంది.

అలాగని ఎమ్మారైనే అందరికీ రాయాలంటే కుదరదు. పొట్టలో నీరు చేరి ఆయాసపడుతున్న మనిషి ప్రతి బొమ్మకీ పదిహేను ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టాలి. బిగబట్టలేకపోతే బొమ్మంతా అలలు అలలుగా పాడవుతుంది. సీటీ అయితే కొద్ది సెకన్లలో లివర్‌ని దాటేస్తుంది. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లలో ఆ ప్రత్యేకమైన మందుని పీల్చుకునే కణాలే తక్కువ. నడిచి వచ్చి, చెప్పినట్టు ఊపిరి పట్టగలిగి, సీటీలో తేలని చిన్న గడ్డ ఉన్నవాళ్లకి ఎమ్మారై. కదలలేనివాళ్లకి సీటీ. ఆచరణలో జరుగుతున్నది దాదాపు ఇదే.

సీటీలోనే వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఖర్చు లేనిది. అయోడిన్ సుమారు 33 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి దగ్గర ఎక్స్‌రేలని బాగా పట్టుకుంటుంది. మామూలుగా 120 కిలోవోల్టుల మీద తీసే స్కాన్‌ని బక్కపల్చటి మనిషికి 80కో 100కో తగ్గించి తీస్తే అదే డై ఇంకా తెల్లగా మెరుస్తుంది, రేడియేషనూ తగ్గుతుంది. బొమ్మలో గరుకుదనం కాస్త పెరుగుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సర్దుకోవచ్చు. డ్యూయల్ ఎనర్జీ సీటీ ఇదే సూత్రాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్తుంది. ఒకేసారి రెండు శక్తుల దగ్గర తీసి, ఏ చుక్కలో ఎంత అయోడిన్ ఉందో విడిగా పటం గీస్తుంది. లీలగా మెరిసే చిన్న కణితి అందులో స్పష్టంగా తేలుతుంది. డై బొమ్మలోంచి అయోడిన్ తీసేసి ప్లెయిన్ బొమ్మని లెక్కగట్టి ఇస్తుంది కూడా. ఫోటాన్ కౌంటింగ్ సీటీకి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది, అది ఒక్కో ఎక్స్‌రే కణాన్నీ లెక్కపెడుతుంది. వీటిలో ఏదైనా సరే, ఆర్టీరియల్ సమయం దాటిపోయాక తీస్తే చేయగలిగింది ఏమీ లేదు.

పెర్ఫ్యూజన్ సీటీలో ఒకే చోటుని వరుసగా పదేపదే తీసి రక్తం ఎంత వేగంగా పారుతోందో కొలుస్తారు. రేడియేషన్ ఎక్కువ. కణితికి మందు పనిచేస్తోందా అని పరిశోధనల్లో వాడతారు గానీ, మామూలుగా రాసేది కాదు. తొడ దగ్గర ధమనిలోంచి గొట్టం పంపి నేరుగా లివర్ ధమనిలోనే డై వదిలి తీసే సీటీ ఒకప్పుడు జపాన్‌లో బాగా నడిచింది, ఇప్పుడు అది కణితికి మందు ఎక్కించే ప్రక్రియల్లో భాగంగా మిగిలింది. ఆ మందుతో కలిపి పంపే లిపియోడాల్ గసగసాల నూనెలో అయోడిన్ కలిపి చేసింది. నెల తర్వాత తీసిన సీటీలో అది కణితిలో తెల్లగా గడ్డకట్టి కనిపిస్తుంది.

పెట్ సీటీ గురించి ఒక మాట. "ఒళ్లంతా చూస్తుందట కదండీ, అదే తీయించేద్దాం" అనేవాళ్లు చాలామంది. అది కణాలు పీల్చుకునే గ్లూకోజ్‌ని బట్టి క్యాన్సర్‌ని పట్టుకుంటుంది. లివర్ కణానికి గ్లూకోజ్‌ని మళ్లీ బయటికి వదిలేసే ఎంజైమ్ ఉంది. మొదటి దశ హెచ్‌సీసీ కణాలు ఇంకా లివర్ కణాల్లాగే ప్రవర్తిస్తాయి కాబట్టి పీల్చిందాన్ని వదిలేస్తాయి, పెట్‌లో వెలగవు. ఎముకలకో ఊపిరితిత్తులకో పాకిందా అని చూడటానికి అది పనికొస్తుంది. లివర్‌లో గడ్డ ఏమిటో తేల్చడానికి ట్రైఫేజిక్ బదులు దాన్ని తీయించడం డబ్బు పోగొట్టుకోవడమే.

రేడియేషన్ భయం పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు. పొట్టకి ఒక్కో ఫేజ్‌కి సుమారు 8 మిల్లీసీవర్టులనుకుంటే మూడు ఫేజులకి 24 అవుతుంది, మిషనుని బట్టి, మనిషి లావుని బట్టి మారుతుంది. నేల నుంచి, గాలి నుంచి మనకి ఏడాదికి ప్రపంచ సగటున వచ్చేది 2.4. క్యాన్సర్ అనుమానం ఉన్న సిర్రోసిస్ మనిషికి ఈ లెక్క అడ్డం కాకూడదు. ఏ అనుమానమూ లేకుండా "ఓసారి చూసుకుందాం" అని తీయించుకోవడానికి మాత్రం అడ్డమే. సిర్రోసిస్, హెపటైటిస్ బి ఉన్నవాళ్లు క్రమం తప్పకుండా చేయించుకోవాల్సింది 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్, దాంతోపాటు ఏఎఫ్‌పీ రక్తపరీక్ష. అందులో తేడా వస్తే అప్పుడు సీటీ.

డైకి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు. సిర్రోసిస్‌లో కండ కరిగిపోయి ఉంటుంది కాబట్టి క్రియాటినిన్ మామూలుగా కనిపించినా కిడ్నీలు నిజంగా అంత బాగుండకపోవచ్చు, అందుకే డాక్టర్లు ఆ అంకె ఒక్కదాన్నే నమ్మరు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్న సంగతి, ఇదివరకు డై ఒంటికి పడక ఇబ్బంది పడి ఉంటే ఆ సంగతి నోరు తెరిచి చెప్పాలి.

స్కాన్ అయ్యాక పెద్ద కవర్లో ఫిల్ములు ఇస్తారు. మూడు నాలుగు ఫేజుల్లో పడిన వందల బొమ్మల్లోంచి ఏరి అచ్చేసినవి అవి. రాజమండ్రిలోనో విశాఖలోనో ఉన్న స్పెషలిస్టు ఆ కాస్త బొమ్మల్ని లైటుకెత్తి చూసి వాషౌట్ ఉందో లేదో చెప్పలేరు, దాంతో మళ్లీ తీయమంటారు. కాబట్టి సీడీ అడగండి, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా సరే. ఫేజులన్నీ అందులో ఉన్నాయా అని అక్కడే కంప్యూటర్లో తెరిపించి చూసుకోండి. పాత సీడీలు కూడా పారేయొద్దు. 6 నెలలలోపు గడ్డ సైజు సగానికి సగం పెరిగిందంటే, ఉదాహరణకి 12 మిల్లీమీటర్లది 18 అయిందంటే, లై-రాడ్స్‌లో అది వాషౌట్‌తో సమానమైన లక్షణం. ఆర్టీరియల్‌లో మెరిసే గడ్డకి వాషౌట్ లేకపోయినా ఈ పెరుగుదల ఉంటే ఎల్ఆర్-5 అయిపోతుంది. ఎంత పెరిగిందో కొలవాలంటే పాత బొమ్మలు చేతిలో ఉండాలి.